మెడనులిగాడు

వడ్రంగిపిట్టకు బంధువైన చిన్నపక్షి యొకటి కలదు. చెట్టుబెరడువంటి బూడిదవన్నెది. జిగురునాలుకతో చీమలను పట్టి తినును. ఉత్తరదేశములనుండి శీతకాలమున మన దేశమునకు వలసవచ్చును. చేత చిక్కినను, గూటిలో నెవరైన బాధించినను, మెడను పామువలె మెలిపెట్టి బుసకొట్టును. శత్రువు బెదరి తొలగును. బలహీనమైన ప్రాణికి ఇదియే కవచము.

ఈ చేష్టనుజూచి ప్రాచీన యవనులు దానియందు మంత్రశక్తి కలదని భ్రమసిరి. నాలుగాకుల చక్రమునకు దానిని కట్టి త్రిప్పినచో వలచినవారు వశులగుదురని నమ్మిరి. వారు పెట్టిన పేరునే 1758లో లిన్నేయసు శాస్త్రనామముగా గ్రహించెను. అపశకునమను నర్థముగల 'జింక్సు' అను ఆంగ్లపదము దీనినుండియే పుట్టెనని నిఘంటుకారులు తలచుచున్నారు. నోరులేని పిట్ట చేసిన అపరాధమేమి?

మన తెలుగువారు దీనిని మెడనులిగాడనిరి. ఇందు మంత్రము లేదు, భయము లేదు. కన్నులారా చూచినదే కలదు. 1862 మొదలు కలకత్తాలో వెలువడిన తన పక్షిగ్రంథమున వైద్యుడు జెర్డను దొర ఈ తెలుగుపేరును చేర్చెను. ఆయన 1840ల కాలమున నెల్లూరులో సివిల్ సర్జనుగా నుండి, ఆ సీమ జంతుజాలమును గూర్చి యానాదులను అడిగి తెలిసికొనెను. అడవియు, చెఱువును, సముద్రపుకయ్యయు వారికి పాఠశాలలు.

అట్టి యానాదులకు దక్కిన బిరుదమేమి? 1911నాటి చట్టము మద్రాసు రాజధానికిని వర్తింపగా, నెల్లూరుసీమ యానాదులలో పలువురు పుట్టుకచేతనే నేరస్థులుగా పట్టికల కెక్కిరి. పోలీసులకు హాజరు చెప్పుకొనవలసినవారైరి. వెన్నెలకంటి రాఘవయ్యగారివంటి సేవాపరులు వారి పక్షమున ఏండ్లతరబడి పాటుపడిరి. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము తొలగెను.

చట్టము పోయినంతమాత్రమున పేరు చెరగునా? పిట్టను అపశకునమన్న నోటికిని, మనుష్యుని పుట్టుదొంగ యన్న నోటికిని భేదము మాకు కానరాదు. రెండును చూడక పెట్టిన పేర్లే. యానాదిపిల్లవాడు బడి గడప త్రొక్కినప్పుడు వాని తాతముత్తాతల విద్యను గురువు ఒక్కమాట చెప్పినచో, వాడు తలయెత్తి కూర్చుండును. చూచి పేరుపెట్టు వివేకమును మనమును వారియొద్ద నేర్తుము గాక.