ఇంటి నిబంధనల సడలింపు.. పునాదికి ముందే తేల్చుకోవాలి

ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో హైదరాబాద్ శివారులో స్థలం కొన్న కుటుంబానికి తొలి చిక్కు ప్లాను మంజూరు వద్దే ఎదురవుతుంది. స్థలం నివాస జోన్‌లో లేదనో, చుట్టూ వదలాల్సిన ఖాళీ చాలదనో దరఖాస్తు వెనక్కి వస్తుంది. ముందు కట్టేసి తర్వాత జరిమానా చెల్లించవచ్చన్న ఆలోచన అక్కడే పుడుతుంది. తెలంగాణలో అమల్లో ఉన్న నిబంధనలు కొంత సడలింపునకు అవకాశమిస్తున్నా దాని హద్దులు చాలా చిన్నవి. వాటిని పునాదికి ముందే తెలుసుకోవడం శ్రేయస్కరం.

జోన్ మారాలంటే..
బృహత్ ప్రణాళిక ప్రతి సర్వే నంబరుకూ నివాస, వాణిజ్య, పరిరక్షణ వంటి వినియోగాన్ని నిర్దేశిస్తుంది. స్థలం నివాసేతర జోన్‌లో ఉంటే భూ వినియోగ మార్పిడి కోరుతూ హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)కు దరఖాస్తు చేయాలి. యాజమాన్య పత్రాలు, స్థల పటం జతపరచాలి. అధికారులు స్థలాన్ని పరిశీలించి, ప్రజల అభ్యంతరాలు స్వీకరించిన మీదట ప్రభుత్వమే తుది నిర్ణయం తీసుకుంటుంది. సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్చే 'నాలా' ఉత్తర్వు వేరు, ఇది వేరు. నాలా పూర్తయినంత మాత్రాన జోన్ మారదు. స్థలం కొనుగోలుకు ముందే భూ వినియోగ ధ్రువపత్రం తీసుకుంటే ఈ చిక్కు ముందే బయటపడుతుంది.

ఖాళీ తగ్గితే..
ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) ఎంతో 2012 ఏప్రిల్ 7న జారీ అయిన జీవో 168 నిర్ణయించింది. స్థల విస్తీర్ణం, భవనం ఎత్తు, రోడ్డు వెడల్పును బట్టి అది మారుతుంది. ముందు వైపు తప్ప మిగిలిన వైపుల్లో 10 శాతం మేర ఉల్లంఘనను అపరాధ రుసుముతో పరిష్కరించే అధికారం కమిషనర్‌కు ఉంది. పక్కన 1.5 మీటర్లు వదలాల్సిన చోట 1.35 మీటర్లు వదిలితే ఈ వెసులుబాటు పరిధిలోకి వస్తుంది. మీటరే వదిలితే రాదు. ఆ గోడ 12 మీటర్ల పొడవుంటే ఒక్కో అంతస్తులో ఉల్లంఘన 1.8 చదరపు మీటర్లు. అంత విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన భూమి విలువలో 100 శాతం రుసుముగా చెల్లించాలి. అసలు ప్లానే లేకుండా కట్టిన భవనానికి ఇది వర్తించదు.

రోడ్డుకు స్థలమిస్తే..
రోడ్డు విస్తరణకు స్థలాన్ని ఉచితంగా అప్పగించిన యజమానికి సెట్‌బ్యాక్‌లలో రాయితీ లేదా అభివృద్ధి హక్కుల బదిలీ పత్రం (టీడీఆర్) కోరే వీలుంది. ముందు వైపు ఖాళీలోనూ రాయితీ లభించే సందర్భం ఇదే. అయితే నిర్దేశిత కనీస దూరం మాత్రం వదలాల్సిందే.

చెరువుల వద్ద కుదరదు
చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో నిర్మాణం నిషిద్ధం. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్ల బఫర్ వదలాలి.

స్వీయ ధ్రువీకరణతో జాగ్రత్త
2020లో వచ్చిన చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి అక్కర్లేదు, నమోదు చాలు. 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. సులువుగా వచ్చిందని నిశ్చింతగా ఉండరాదు. ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారాన్ని అదే చట్టం ఇచ్చింది.

క్రమబద్ధీకరణపై ఆశ వద్దు
క్రమబద్ధీకరణ పథకాలు 2007లో, మళ్లీ 2015లో వచ్చాయి. రెండోది న్యాయవివాదంలో చిక్కుకుంది. సొంతిల్లు కట్టుకునే వ్యక్తినీ, వృత్తి బిల్డరునూ ఒకే గాటన కట్టలేమని 2004లో సుప్రీంకోర్టు పేర్కొన్నా, ఉల్లంఘనల మన్నింపు అత్యల్పంగానే ఉండాలని స్పష్టం చేసింది. 2024 డిసెంబరులో మరింత కఠినంగా వ్యవహరించింది. నిర్మాణ పూర్తి లేదా నివాసయోగ్య ధ్రువపత్రాన్ని పరిశీలించాకే బ్యాంకులు రుణమివ్వాలనీ, విద్యుత్తు, నీటి కనెక్షన్లూ ఆ తర్వాతేననీ ఆదేశించింది.

కాగితంపై ప్లానును మార్చుకోవడానికి కొద్ది రోజులు చాలు. లేచిన గోడను వెనక్కి జరపడం ఎవరి తరమూ కాదు. మంజూరైన కొలతలను సర్వేయరుతో నేలపై ముగ్గు వేయించి, సరిచూసుకున్నాకే పునాది తవ్వడం ఆ కుటుంబానికి అసలైన రక్షణ.