క్షమాపణ, రక్షణ, సమాధానం: తెలుగు బైబిలు పదజాలంలో అర్థసంగతి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాపక్షమ, రక్షణల గురించి క్రైస్తవ లేఖనాలు పరస్పర విరుద్ధంగా మాట్లాడుతున్నాయన్న విమర్శ పాతది. ఆ విమర్శకు ఇచ్చే సమాధానాలూ పాతవే. తెలుగునాట ఈ చర్చ సాధారణంగా తెలుగు అనువాదాన్నే మూలంగా భావించి సాగుతున్నది. అనువాదకులు ఎంచుకున్న పదాలు కొన్నిచోట్ల మూలంలోని వైరుధ్యాన్ని మరుగుపరిచాయనీ, మరికొన్నిచోట్ల మూలంలో లేని భావాన్ని చేర్చాయనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనువాద చరిత్రతో పాటు కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని కైరుప్పల ఆచారాన్ని తులనాత్మకంగా పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: తెలుగు బైబిలు, క్షమాపణ, రక్షణ, సమాధానం, అనువాద చరిత్ర, కైరుప్పల.

1. ప్రవేశిక:
మనిషి ఇతరులను క్షమిస్తేనే దేవుడు అతణ్ణి క్షమిస్తాడని మత్తయి సువార్త (6:14-15) చెబుతుంది. రక్షణ దేవుని వరమే గాని మనిషి చేసిన పనికి ఫలితం కాదని ఎఫెసీయులకు రాసిన పత్రిక (2:8-9) చెబుతుంది. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక (2:26) చెబుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివినవారికి సందేహం కలగడం సహజం. విమర్శకులు దీనిని వైరుధ్యమంటారు, విశ్వాసులు సమన్వయిస్తారు. ఉభయులూ ఒక విషయాన్ని పట్టించుకోరు. ‘క్షమాపణ’, ‘రక్షణ’, ‘నీతిమంతుడు’ అన్న మాటలు హీబ్రూ, గ్రీకు పదాలకు తెలుగులో కుదిర్చిన సమానార్థకాలు. వాటికి క్రైస్తవానికి ముందే తెలుగులో, సంస్కృతంలో సొంత చరిత్ర ఉంది.

ఈ పరిశీలనకు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం తగిన నేపథ్యం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకూ ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. బళ్లారిలో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో పని ప్రారంభించి, బైబిలును కన్నడంలోకి అనువదించాడు. అదే సంస్థకు చెందినవారు విశాఖపట్నంలో తెలుగు అనువాదం చేపట్టారు. తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఈ నేలమీద, కలహం ఎలా ముగియాలన్న దానికి జనం తమదైన రూపం ఒకటి ఏర్పరచుకున్నారు. కైరుప్పల ఉగాది ఆచారం అటువంటిది. దానిని 6వ విభాగంలో చూద్దాం.

2. మోక్షం నుంచి రక్షణకు:
తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు జర్మనీలోని హాలే నగరంలో 1746-47 ప్రాంతంలో వెలువడ్డాయి. వాటి కర్త బెంజమిన్ షుల్జ్ అంతకుముందే మద్రాసులో బైబిలును తెలుగులోకి అనువదించినా అది ముద్రణకు నోచుకోలేదు. హాలేలో అచ్చయిన ఒక పుస్తకం పేరు ‘మోక్షానికి కొంచు పొయ్యే దోవ’. క్రైస్తవ రక్షణను తెలుగువారికి తొలిసారి అచ్చులో పరిచయం చేసిన మాట ‘మోక్షం’ అన్నమాట. మోక్షం బంధం నుంచి విడుదల. అందులో జననమరణ చక్రం, కర్మఫలం అనే భావనలు ఇమిడి ఉన్నాయి.

1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని సహాయంతో సువార్తలను అనువదించారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. తరువాతి సవరణల మీదుగా నేడు ప్రొటెస్టంట్ సంఘాలు వాడుతున్న ‘పాత అనువాదం’ స్థిరపడింది. అందులో గ్రీకు ‘సోతేరియా’కు స్థిరపడిన మాట ‘రక్షణ’. మోక్షం సాధకుడు చేరుకునే స్థితి కాగా, రక్షణ మరొకరు చేసే పని. ఈ మార్పుతో కర్తృత్వం మనిషి నుంచి దేవునికి బదిలీ అయింది.

అయితే ‘రక్షణ’ మూలపదాన్ని పూర్తిగా పట్టుకోలేదు. గ్రీకు ‘సోజో’ ధాతువుకు ప్రాణాపాయం నుంచి కాపాడడం, రోగం నయం చేయడం, పాపం నుంచి విడిపించడం అనే అర్థాలన్నీ ఉన్నాయి. విశ్వాసమే నిన్ను కాపాడిందని యేసు పలికిన వాక్యం గ్రీకులో మార్కు 5:34లోనూ లూకా 7:50లోనూ ఒక్కటే. తెలుగులో మొదటిచోట, రోగిష్టి స్త్రీ విషయంలో, ‘స్వస్థపరచు’ అనీ, రెండోచోట, పాపాత్మురాలి విషయంలో, ‘రక్షించు’ అనీ అనువదించారు. దేహం, ఆత్మ అనే విభజన ఇక్కడ అనువాదంలో వచ్చినది.

3. అప్పు, విడుదల, క్షమాపణ:
కొత్త నిబంధనలో క్షమకు ప్రధానంగా వాడిన గ్రీకు పదం ‘అఫెసిస్’. దానికి విడిచిపెట్టడం, అప్పు రద్దు చేయడం అని అర్థం. లూకా 4:18లో చెరలోనున్నవారి సందర్భంలో ఈ పదాన్నే తెలుగులో ‘విడుదల’ అన్నారు. పాపాల సందర్భంలో మాత్రం ‘క్షమాపణ’ అన్నారు. సంస్కృతంలో ‘క్షమాపణ’ అంటే క్షమించమని వేడుకోవడం. అపరాధక్షమాపణ స్తోత్రాల పేర్లలో ఉన్నది ఈ అర్థమే. నేటి వ్యవహారంలోనూ క్షమాపణ చెప్పేవాడు తప్పు చేసినవాడు. క్రైస్తవ తెలుగులో క్షమాపణ ఇచ్చేవాడు దేవుడు. ఒకే పదం రెండు ఎదురెదురు దిశల్లో నడుస్తున్నది. ‘పాపక్షమాపణ’ అన్న సమాసం క్రైస్తవేతర పాఠకుడికి వేడుకోలుగా వినిపిస్తుంది. అడగడం అనే షరతు ఆ పదంలోనే దాగి ఉంది. మూలపదంలో అది లేదు.

ప్రభువు ప్రార్థన అనువాదాలు మరొక ఆధారం. పాత అనువాదం మత్తయి 6:12లో ‘ఋణములు’ అని మూలంలోని అప్పు భావనను నిలుపుకుంది. తెలుగు కతోలికుల ప్రార్థనలో ‘అప్పులు’, ‘మన్నించు’ అనే దేశ్యపదాలున్నాయి. తేడా క్రియారూపంలో ఉంది. పాత అనువాదంలోని ‘క్షమించియున్న’ అనేది పూర్తయిన పనిని సూచిస్తుంది. అంటే ముందు మనిషి క్షమించాలి. కతోలిక పాఠంలోని ‘మన్నించునట్లు’ పోలికను సూచిస్తుంది. గ్రీకు రాతప్రతుల్లోనే ఈ క్రియ కొన్నింట భూతకాలంలో, కొన్నింట వర్తమానంలో కనిపిస్తుంది. లాటిన్ పాఠం వర్తమానాన్ని స్వీకరించింది. క్షమకు షరతు ఉందా లేదా అనే ప్రశ్న ఇక్కడ ఒక క్రియావిభక్తి మీద ఆధారపడి ఉంది.

4. పౌలు, యాకోబు:
వైరుధ్య చర్చలో ఎక్కువగా ఉదాహరించేవి రోమా 3:28, యాకోబు 2:24. రెండుచోట్లా గ్రీకు క్రియ ఒక్కటే, ‘దికయో’. రెండుచోట్లా దృష్టాంతం అబ్రాహామే. పౌలు ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్ల అంటాడు. యాకోబు విశ్వాసం మాత్రమే చాలదంటాడు.

తెలుగు పాత అనువాదంలో పౌలు వాక్యానికి ‘నీతిమంతులుగా తీర్చబడు’ అనీ, యాకోబు వాక్యానికి ‘నీతిమంతుడని యెంచబడు’ అనీ వాడారు. ‘తీర్చు’ అనేది రూపొందించడం, ‘ఎంచు’ అనేది గుర్తించడం. దేవుడు నీతిమంతునిగా తీరుస్తాడు, అతని క్రియలను చూసి లోకం అలా ఎంచుతుంది అనే సమన్వయం అనువాదంలోనే జరిగిపోయింది. తెలుగు పాఠకుడికి ఇక్కడ వైరుధ్యం పలుచబడి కనిపించడానికి ఇది ఒక కారణం.

మరొకచోట ఇందుకు భిన్నంగా జరిగింది. రోమా 3:28లో గ్రీకు పాఠంలో ‘మాత్రమే’ అన్న మాట లేదు. మార్టిన్ లూథర్ 1522 నాటి జర్మన్ అనువాదంలో దానిని చేర్చి, 1530లో బహిరంగ లేఖ ద్వారా సమర్థించుకున్నాడు. తెలుగులో ‘విశ్వాసమువలననే’ అన్న రూపంలోని ఏకారం ఆ పనే చేస్తున్నది. అవధారణార్థకమైన ఈ ఒక్క అక్షరం పౌలు, యాకోబుల దూరాన్ని పెంచింది. లూథర్ యాకోబు పత్రికను తక్కువచేసి మాట్లాడడం, 1547లో ట్రెంట్ మహాసభ విశ్వాసమాత్ర సిద్ధాంతాన్ని ఖండించడం, 1999 అక్టోబరు 31న లూథరన్, కతోలిక ప్రతినిధులు ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేయడం ఈ దూరం చుట్టూ నడిచిన చరిత్రే.

పదాలను పక్కనపెట్టి భావాన్ని చూస్తే, పౌలు తిరస్కరించిన క్రియలు సున్నతి వంటి ధర్మశాస్త్ర విధులు. యాకోబు కోరిన క్రియలు ఆకలిగొన్నవానికి అన్నం, దిగంబరికి వస్త్రం. యాకోబు తిరస్కరించిన విశ్వాసం దయ్యాలకు కూడా ఉన్న ఒట్టి అంగీకారం (2:19). పౌలు కోరిన విశ్వాసం ప్రేమ ద్వారా పనిచేసేది (గలతీ 5:6). కాబట్టి ఇక్కడ కనిపించే విరోధం చాలావరకు శాబ్దికం. అయినా పూర్తిగా శాబ్దికం కాదు. రక్షణను భయంతో సాధించుకోమని పౌలే ఫిలిప్పీయులకు (2:12) రాశాడు. అక్కడి గ్రీకు క్రియకు పనిచేసి నెరవేర్చడమని అర్థం. తెలుగులో ‘కొనసాగించుకొను’ అనడం వల్ల ఆ పదును తగ్గింది.

5. ఎవరు ముందు?
అనువాదం వల్ల తొలగని సమస్య ఒకటి ఉంది. క్షమలో ముందడుగు ఎవరిది? మత్తయి 6లో మనిషిది. ఎఫెసీ 4:32లో దేవునిది, ఆయన క్షమించాడు గనుక మీరూ క్షమించండన్నది అక్కడి వరుస. మత్తయి 18లోని ఉపమానం ఈ రెండింటినీ ఒక కథలో ఇముడ్చుతుంది. రాజు ఒక దాసునికి పదివేల తలాంతుల అప్పు రద్దు చేస్తాడు. ఆ దాసుడు తోటివాణ్ణి నూరు దేనారాల కోసం చెరసాలలో వేయిస్తాడు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే మొదటి అప్పు రెండో అప్పుకు ఆరు లక్షల రెట్లు. క్షమ ముందుగా, ఉచితంగా వచ్చింది. కాని దాసుని ప్రవర్తన చూసి రాజు ఆ రద్దును వెనక్కి తీసుకున్నాడు. మత్తయి దృష్టిలో వరం ఉచితమే గాని తిరుగులేనిది కాదు. పౌలు పత్రికల్లోని ధీమాకూ దీనికీ పూర్తి పొత్తు కుదరదు.

విశ్వాసం నుంచి తొలగినవారిని మరల మారుమనస్సుకు తేవడం అసాధ్యమని హెబ్రీ పత్రిక (6:4-6) అంటుంది. ఒప్పుకున్న పాపాలను దేవుడు క్షమిస్తాడని యోహాను మొదటి పత్రిక (1:9) అంటుంది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డేషియస్ హింసకు భయపడి బలులర్పించిన క్రైస్తవులను తిరిగి చేర్చుకోవాలా అన్న వివాదంలో ఈ రెండు ధోరణులూ సంఘాన్ని చీల్చాయి. కూడదన్న నొవేషియన్ 251లో వేరైపోయాడు. పశ్చాత్తాపానంతరం చేర్చుకోవచ్చన్న కొర్నేలియస్, సిప్రియన్‌ల పక్షం నిలిచింది. ఏ వచనం ఏ వచనాన్ని అదుపు చేయాలో లేఖనం స్వయంగా చెప్పలేదు, సంఘం నిర్ణయించింది.

బాధితుని వైపు నుంచి చూస్తే ప్రశ్న మరింత పదునెక్కుతుంది. తప్పు చేసినవాడు మారుమనస్సు పొందితే క్షమించమని లూకా 17:3 అంటుంది. మారుమనస్సు ప్రసక్తి లేకుండానే తనను సిలువ వేసినవారి క్షమ కోసం యేసు ప్రార్థించాడని లూకా 23:34 అంటుంది. ఈ రెండో వాక్యం కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేదు. కారంచేడు (1985), చుండూరు (1991) దళిత బాధితుల్లో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. అటువంటివారికి రెండో వాక్యాన్ని మాత్రమే బోధించి మొదటిదాన్ని మరుగుపరిస్తే, క్షమ న్యాయాన్ని ఆపే సాధనమవుతుంది. లేఖనం రెండింటినీ నిలుపుకున్నది. బోధకుడు ఒకదాన్నే ఎంచుకుంటే ఆ బాధ్యత అతనిది.

6. కైరుప్పల: కలహం, కల్యాణం
ఆస్పరి మండలంలోని కైరుప్పలలో ఉగాది మరునాడు పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామి, కాళికాదేవి ప్రేమించుకున్నారనీ, పెళ్లి విషయంలో ఉభయుల నడుమ కలహం వచ్చిందనీ జనశ్రుతి. ఊరు రెండు వర్గాలై పిడకలతో కొట్టుకుంటుంది. దెబ్బలు తగిలినవారు గుడిలో విభూతి పూసుకుంటారు. ఆపైన దేవతల కల్యాణం జరుగుతుంది.

ఆచారాన్ని సిద్ధాంతంగా చదవడం ఇక్కడి ఉద్దేశం కాదు. దాని నిర్మాణం మాత్రం పోలికకు అవకాశమిస్తుంది. ఇక్కడ ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పరు, ఎవరి అప్పూ లెక్కకు రాదు. ఉభయులూ కొట్టారు, ఉభయులకూ గాయాలయ్యాయి. బంధుత్వంతో కలహం ముగిసింది. వాడుకలో దీనిని రాజీ అంటాం. పౌలు వాడిన ‘కతల్లాస్సో’ అనే గ్రీకు క్రియకు కూడా వైరులు మళ్లీ కలవడమనే అర్థముంది. దానికి తెలుగు పాత అనువాదం ‘సమాధానపరచు’ (2 కొరింథీ 5:18-20) అన్నది. ‘రాజీ’ అని ఉంటే ఉభయులూ కొంత వదులుకున్నారనే భావం వచ్చేది. పౌలు చెప్పినది ఏకపక్ష చర్య. గాయపడినవాడే ముందుకు వచ్చాడు. లేఖనంలో క్షమకు రుణం, తీర్పు, బలి, సయోధ్య అనే నాలుగు రూపకాలున్నాయి. రుణ రూపకంలో షరతు ఇమిడిపోతుంది. సయోధ్య రూపకంలో అది అంతగా ఇమడదు. వైరుధ్యమనిపించేవాటిలో కొన్ని ఒక రూపకం తర్కాన్ని మరొకదానికి అంటగట్టడం వల్ల పుట్టినవి.

7. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, పౌలు, యాకోబుల మధ్య విరోధం చాలావరకు శాబ్దికం. తెలుగు అనువాదం దానిని ఒకచోట తగ్గించి, ఒకచోట పెంచింది. రెండు, క్షమకు షరతు ఉందా, ఇచ్చిన క్షమ రద్దవుతుందా అన్న విషయాల్లో లేఖనంలో నిజమైన భేదస్వరాలున్నాయి. వాటిని పదచర్చతో తొలగించలేం. మూడు, ‘క్షమాపణ’ వంటి పదాలు తెలుగు పాఠకుని మనసులో మూలంలో లేని దిశను కల్పిస్తున్నాయి. కాబట్టి తెలుగు పాఠం ఆధారంగా లేఖనాన్ని వైరుధ్యమయమనడం గాని, నిర్దుష్టమనడం గాని శాస్త్రీయం కాదు. 1812 సువార్తలు మొదలు నేటి అనువాదాల వరకు ఈ కొద్ది పదాల వాడుకను వరుసగా పోల్చి చూస్తే, తెలుగు క్రైస్తవ వాఙ్మయానికే గాక తెలుగు నిఘంటు చరిత్రకూ ప్రయోజనం కలుగుతుంది.