డిజైనర్ ఉత్తేజక మత్తుమందులు
అణువు నిర్మాణాన్ని ప్రయోగశాలలో కాస్త అటూ ఇటూ మార్చి, నిషేధిత మందుకు దగ్గరి ప్రభావం వచ్చేలా చేసే మత్తుమందులివి. పుట్టుక చూస్తే వీటిలో చాలావి పాతవే. ఎండీఎంఏ 1912లో జర్మనీలోని మెర్క్ కంపెనీలో తయారైంది. మెఫెడ్రోన్ 1929లోనే పుట్టి దశాబ్దాల పాటు మరుగునపడింది. 2003 తర్వాత మళ్లీ పైకొచ్చి, బ్రిటన్‌లో మొక్కల ఎరువు పేరుతో బాహాటంగా అమ్ముడుపోయింది. తినడానికి కాదని పొట్లం మీద అచ్చువేస్తే చాలు, పోలీసులకు చేయడానికేమీ ఉండేది కాదు. 2010 ఏప్రిల్‌లో అక్కడ దాన్ని నిషేధిస్తే నాఫైరోన్ అనే మరో మందు రంగంలోకి దిగింది. భారతదేశంలో మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నాటిదే అయినా, మెఫెడ్రోన్ దాని జాబితాలో చేరింది 2015లో. 2017లో హైదరాబాద్‌లో మత్తుమందుల కేసుపై ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) జరిపిన విచారణతో ఎండీఎంఏ పేరు తెలుగు ఇళ్లదాకా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందులను అరికట్టే 'ఈగల్' విభాగం 2024 నవంబరులో ఏర్పడింది.

ఈ చరిత్రను పట్టివేతల లెక్కగా చదవడం పరిపాటి. వైద్యుడికి మాత్రం ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది: పేరు మారినా దెబ్బ తగిలే చోట్లు మారలేదు. ఇవి మెదడులో డోపమిన్, నోరాడ్రినలిన్, సెరటోనిన్‌లను ఒక్కసారిగా పెంచుతాయి. గుండె దడ, రక్తపోటు, మూర్ఛ, లేనిపోని అనుమానాలు వస్తాయి. అన్నిటికన్నా ప్రాణాంతకం ఒళ్లు విపరీతంగా వేడెక్కడం. ఆ వేడికి కండరాలు కరిగి ఆ వ్యర్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటి, ఉక్కకు చెమట ఆరని కాకుమాను, బాపట్ల ప్రాంతాల్లో ఈ స్థితిని వడదెబ్బగా పొరబడే అవకాశం ఎక్కువ. మామూలు మూత్రపరీక్షలో మెఫెడ్రోన్ చాలాసార్లు బయటపడదు కూడా.

మద్యంతో పోయే ప్రాణాల ముందు ఇవెంత అనే వాదన ఉంది. మొత్తం లెక్కలో అది నిజమే. కానీ మద్యం సీసా మీద శాతమైనా రాసి ఉంటుంది. ఈ మత్తుమందు పొడిలో ఏముందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. ఎండీఎంఏను మానసిక చికిత్సలో పరీక్షించారు కదా అనేది మరో అభ్యంతరం, ఇది మరింత బలమైనది. ఆ పరీక్షల్లో మోతాదు తూచి ఇచ్చారు, పక్కన వైద్యులున్నారు. అయినా 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ చికిత్సను ఆమోదించలేదు. నిషేధమే కొత్త అణువులకు దారి తీస్తుందన్న విమర్శకు నాఫైరోనే సాక్ష్యం, కాదనలేం. అయితే అది జాబితా పద్ధతిలోని లోపమే తప్ప మందు నిరపాయకరమనడానికి ఆధారం కాదు.

ఈ మత్తుమందుల విషప్రభావానికి విరుగుడు మందు లేదు. కండరాల నుంచి పుట్టే వేడి గనుక పారాసిటమాల్ పనిచేయదు. ఐసుతో, చల్లటి నీటితో ఒళ్లు చల్లార్చి, బెంజోడయజిపైన్లతో ఆందోళన తగ్గించాలి. రోగి ఏం తీసుకున్నాడో తోడొచ్చిన స్నేహితుడు కేసు భయంతో దాస్తే, ఆ చికిత్సే ఆలస్యమవుతుంది.