గద్వాల దాకా గాలిలో వచ్చిన గొంతు

రెండు వందల వాట్లు. వంద వాట్ల బల్బులు రెండు వెలిగించినంత శక్తి. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న అంత చిన్నగానే గొంతు విప్పింది. అది పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో మోగాలనుకోవడం అత్యాశే.

1939 జులైలో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చింది. హైదరాబాద్ నుంచి సూటిగా కొలిస్తే నాగర్‌కర్నూల్ 100, వనపర్తి 120, గద్వాల 150 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మీడియం వేవ్ తరంగం పగలు నేలను పట్టుకుని పాకుతుంది, పోనుపోను నీరసిస్తుంది. రాత్రిపూట ఆకాశం నుంచి తిరిగొచ్చి ఎక్కువ దూరం చేరుతుంది గానీ నిలకడ ఉండదు. వింటూండగానే గొంతు దగ్గరవుతుంది, అంతలో లోతు బావిలోకి జారిపోతుంది. మబ్బు పట్టి ఉరిమిందా, ఇక గరగరే. అందుకే రేడియో ఉన్న ఇంటి మీద రెండు వాసాలు నిలబెట్టి మధ్య రాగితీగ లాగేవారు. దాని పేరే ఏరియల్.

తరంగం కన్నా పెద్ద తిప్పలు బ్యాటరీవి. అప్పట్లో పల్లెల్లో కరెంటు లేదు. వాల్వు రేడియో బ్యాటరీని ఊరికే తాగేస్తుంది. దిగిపోతే పట్నానికి మోసుకెళ్లి ఛార్జి చేయించాలి. కలిగినవాళ్ల ముచ్చటే రేడియో.

భాష సంగతి ఇంకా చిత్రం. గద్వాలలో ఇంటి మాట తెలుగు. అప్పట్లో ఆ ఊరు ఉన్నది కన్నడ సీమ రాయచూరు జిల్లాలో. సర్కారు కాగితం ఉర్దూలో. దక్కన్ రేడియో ఈ మూడూ పలికింది, మరాఠీ, ఇంగ్లీషు కూడా. పెద్దపీట మాత్రం ఉర్దూదే. 1948 సెప్టెంబర్ 17న భారత సైన్యంతో కాల్పుల విరమణ మాటను నిజాం చెప్పింది రేడియోలోనే. పెట్టెలు తక్కువ కనుక, ఊళ్లకు ఆ కబురు చేర్చే పని చాలావరకు నోటిమాటదే అయింది.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. 1956 నవంబర్ 1న గద్వాల, ఆలంపూర్ తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాకొచ్చాయి. అదే ఏడు పుణె చుట్టుపక్కల పల్లెల్లో రైతులను రేడియో ముందు కూర్చోబెట్టి విన్నదాని మీద చర్చింపజేశారు. 1959లో ఆ పద్ధతి దేశమంతా తెచ్చారు. ఆలోచన మంచిదే, కానీ పంచాయతీ రేడియోకూ బ్యాటరీ దిగుతుంది కదా!

ఆ తిప్పలు తీర్చింది ట్రాన్సిస్టర్. నాలుగు సెల్లులు వేస్తే చాలు, పొలం గట్టు మీదా పాడేది. పోస్టాఫీసులో కట్టాల్సిన రేడియో లైసెన్సు రుసుము మాత్రం 1980ల దాకా పూర్తిగా పోలేదు.