దత్తమండలమున ఒక విదేశీయ విద్యార్థి

సి. పి. బ్రౌను పేరు వినగానే మనకు నిఘంటుకర్తయు, గ్రంథోద్ధారకుడును స్ఫురింతురు. ఆతని విద్యార్థిదశను గూర్చి మాత్రము మన వ్యాసములందు ఒకటి రెండు వాక్యములకు మించి కానరాదు. చదువునకై పరదేశమునుండి వచ్చినవాడు మన యూళ్లలో ఏ మాటవద్ద తికమకపడును, ఆ తికమకనుండి యేమి నేర్చును అను ప్రశ్నకు బ్రౌను జీవితము మేలైన నిదర్శనము. ఆ దృష్టితో ఆతని తొలి కడపవాసమును పరిశీలించుట మా యుద్దేశము.

బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో ఆయన గతించిన పిదప కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు వలసిన విద్య ముగించుకొని బ్రౌను 1817లో మదరాసున దిగెను. ఈ దేశము ఆతనికి జన్మభూమియే; హిందూస్థానీ బాల్యమున విన్న భాషయే. తెలుగు మాత్రము పూర్తిగా క్రొత్త.

మదరాసున ఎల్లిసు దొర చొరవతో 1812లో నెలకొన్న ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో ఆతడు చేరెను. వెలగపూడి కోదండరామ పంతులు తెలుగు గురువు. నాటి విద్యార్థికి దొరకు సాధనములు కొలది: కేరీ వ్యాకరణము 1814లోను, కాంబెల్ వ్యాకరణము 1816లోను వెలువడెను. కాంబెల్ నిఘంటువు అచ్చుపడినది 1821లో. అప్పటికి బ్రౌను కళాశాల విడిచియుండెను. కావున గురువు నోటిమాటయే ప్రధానాధారము. ఆ గురువులు నేర్పునది కావ్యభాష.

1820 ఆగస్టులో బ్రౌను కడపలో కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడుగా నియుక్తుడయ్యెను. నిజాము 1800లో కంపెనీకి వదలిన దత్తమండలములను మన్రో 1807 వరకు పాలించెను. 1808లో అవి బళ్లారి, కడప మండలములుగా విడివడెను. కర్నూలు 1839 వరకు నవాబు క్రిందనే యుండెను. పలు ప్రభుత్వములు మారిన యీ సీమలో కచేరీభాష తెలుగొక్కటే కాదు. జమాబందీ, తహశీలు, దస్తావేజు వంటి మాటలు పారసీకమునుండి హిందూస్థానీ ద్వారమున వచ్చి చేరినవి. లెక్కలలో మరాఠీ వాడుకయు గలదు. హాన్‌బరీ ప్రజలతో ధారాళముగా తెలుగు మాటలాడువాడు. కళాశాలలో మూడేండ్లు చదివిన యువకుడు, రైతు చెప్పుకొను మొఱను వినుటకు మరల మొదటినుండి నేర్వవలసి వచ్చెను.

ఈ కష్టము నేటికిని తీరలేదు. మేము నివసించునది కర్నూలు నానుకొని, హంద్రికి ఆవలనున్న కల్లూరు. విదేశీయుడగు నొక పరిశోధక విద్యార్థి యొకనాడు మాతో ఇచ్చటి అంగడికి వచ్చెను. వసుచరిత్రలోని శ్లేషను విప్పగల ఆ యువకుడు, అంగడివాడు “ఏం గావల్లప్పా?” అని యడుగగా మ్రాన్పడి నిలిచెను. ‘అప్ప’ యనగా అక్క యని అతడు నేర్చియుండెను. తన్నేల అక్క యనుచున్నాడని యాతని సందేహము. ఆ పిలుపు ఇచ్చట మగవారికిని చెల్లు ఆప్యాయతయని, ‘గావల్ల’ యనునది తాను చదివిన ‘కావలెను’ రూపమేయని చెప్పినంతట ఆతని ముఖము వికసించెను. ఆ యంగడివాని మాటను మేమెన్నడును పాఠముగా చెప్పలేదు. లోపము విద్యార్థిది కాదు.

బ్రౌను విషయమున ఇంతకంటె పెద్ద యెడము వేమన వద్ద బయటపడినది. వేమన సమాధిస్థలమని జనులు కొలుచు కటారుపల్లె కదిరి ప్రాంతములోనిది. కదిరి తాలూకా 1910 వరకు కడప మండలమున నుండెను. బ్రౌను 1822 వరకు ఆ మండలముననే కొలువు చేసెను. అయినను ఆతనిని వేమనవైపు మరల్చినది 1824లో, మచిలీపట్టణమున నుండగా చదివిన ఫ్రెంచి మతాచార్యుడు డ్యుబోయి గ్రంథము. ఇంటి ముంగిటి కవిని పరదేశి వ్రాత చూపవలసి వచ్చెను. పండితులు వేమనను చదువదగిన కవిగా నెంచకపోవుటయే యిందులకు కారణమని మా యభిప్రాయము. బ్రౌను ప్రతులు తెప్పించి, పాఠములు పోల్చి, 1829లో ఆంగ్లానువాదముతో వేమన పద్యములను ప్రకటించెను.

1826లో మరల కడపకు వచ్చి, బంగళా కొని, సొంత ద్రవ్యముతో పండితులను పోషించి, అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షణలో ప్రతులు సిద్ధము చేయించెను. ఈ కథ మన మెఱిగినదే. గమనింపవలసినది, విద్యార్థిగా పడిన యిబ్బందిని ఆతడు మఱువకుండుట. 1840లో వ్యాకరణము వ్రాసెను. 1854లో కచేరీ మాటలకై మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. ఉత్తరములు, అర్జీలతో ‘తెలుగు రీడరు’ను కూర్చెను. 1855లో వెలువడిన తాతాచార్యుల కథలలో వాడుకమాట అట్లే నిలిచినది. ఇవన్నియు తనవలె తడబడు విద్యార్థికై చేసిన సాధనములు.

తాను వచ్చునాటికి తెలుగు వాఙ్మయము జీవము కోల్పోయి యుండెనను భావమును బ్రౌను తరువాత వెలిబుచ్చెను. ఆ మాటను పూర్తిగా నంగీకరింపజాలము. ఆతనికి ప్రతులిచ్చినవారు, పాఠము చెప్పినవారు, వేమనను నోట నిలుపుకొన్న పల్లెవారు అప్పటికి జీవించియే యుండిరి. అయితే పండితుని బడికిని పల్లెవాని నోటికిని నడుమ దారి లేకుండెను. ఆ దారిలో నడచిన విద్యార్థిగా బ్రౌనును గౌరవించినచో ఆతని కీర్తి తఱుగదు. ఆతని గురువుల ఋణమును గుర్తించినట్లగును.

కడపలో బ్రౌను బంగళా యున్న చోట నేడు ఆతని పేర గ్రంథాలయము వెలసియున్నది. 2006 నుండి దాని నిర్వహణ యోగి వేమన విశ్వవిద్యాలయము చేతికి వచ్చినది. విద్యార్థియు, ఆతనికి చాలకాలము దొరకని కవియు అచ్చట నొకచోట చేరిరి. మన పాఠ్యప్రణాళికలలో అంగడిమాటకును అట్టి చోటు దొరకినపుడు, పరదేశమునుండి వచ్చు విద్యార్థికే కాక, పల్లెనుండి వచ్చు మన విద్యార్థికిని మేలు కలుగును.