కీలెరిగి వాత

ఆగండ్రా, ఆగండి! ఆ పాత తలుపు అలాగే మంటలో పడెయ్యకండి. ముందు కీళ్ళు ఊడదీయండి. ఇనుము కాలదు సరికదా, రేపు బూడిదలో ఎవడి కాలికో గుచ్చుకుంటుంది. ఆఁ, ఇప్పుడు వెయ్యండి. ఆ పిడకల దండ చిన్నాడి చేతికివ్వమ్మా, వాడు వేస్తాడు.

ఈ కీలులో మేకు చూశావురా అబ్బాయ్? మధ్యలో ఎంత సన్నబడిపోయిందో. దీన్ని చూస్తే నా పడవ గుర్తొస్తోంది. అదిగో, మీ బామ్మ అప్పుడే నవ్వుతోంది. దానికి పోసిన డబ్బు ఆవిడ ఇంకా మరిచిపోలేదు.

1970ల్లో నేను ఇంగ్లండులో, పోర్ట్స్‌మత్‌లో డాక్టరుగా ఉండేవాణ్ణి. దగ్గర్లోనే చిచెస్టర్ హార్బర్. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చి పాయలు పాయలుగా చీలిన చోటు. అమావాస్యకీ పున్నానికీ పోటు నీళ్ళు నాలుగు మీటర్ల దాకా లేస్తాయి. ఆటు వచ్చిందా, కనుచూపు మేర బురదే. అక్కడ బోషమ్ అనే ఊళ్ళో ఒడ్డు రోడ్డు పోటుకి మునిగిపోతుంది. తెలియక కారు నిలిపి టీ తాగడానికి వెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి కారు నీళ్ళలో ఉంటుంది. సముద్రాన్ని వెనక్కి పొమ్మన్న కాన్యూట్ రాజు కథ తమ ఊళ్ళోనే జరిగిందని వాళ్ళు చెప్పుకుంటారు.

అలాంటి చోట తెరచాప పడవకి ఒక చిక్కుంది. పక్కగాలికి పడవ జారిపోకుండా, తిరగబడకుండా అడుగున బరువైన రెక్క ఉండాలి. దాన్ని కీల్ అంటారు. అది లోతుగా ఉంటే బురదలో దిగబడుతుంది, అసలు లేకపోతే పడవ గాలికి ఎదురెక్కదు. అందుకని పైకి ఎత్తుకునే కీల్ పెట్టారు. ఇదేం నిన్నటి తెలివి కాదు. జాన్ షాంక్ అనే నౌకాదళ అధికారి పద్ధెనిమిదో శతాబ్దంలోనే జారుడు కీల్ ఆలోచన చేశాడు. అలాంటివి మూడు పెట్టి కట్టిన ‘లేడీ నెల్సన్’ అనే 60 టన్నుల ఓడ 1800లో పోర్ట్స్‌మత్ నుంచే బయల్దేరి ఆస్ట్రేలియా చేరింది.

నాది 22 అడుగుల పడవ. పోత ఇనుప రెక్క, రెండున్నర క్వింటాళ్ళ బరువు. ముందు కొస ఒక ఇరుసు మీద తిరుగుతుంది, వెనక కొసకి స్టీలు తాడు. లోపల కూర్చుని, ఆ తాడు చుట్టే వించి పిడి తిప్పితే రెక్క పడవ మధ్యలో ఉన్న ఇరుకు పెట్టెలోకి మడుచుకుంటుంది. ఎత్తితే రెండడుగుల నీళ్ళు చాలు. దించితే నాలుగున్నర కావాలి.

ఒక వేసవిలో ఆ రెక్క దిగనంది. తాడు వదులుతున్నాను, వదులుతున్నాను... కదలదు. పైనుంచి ఇనుప చువ్వ పెట్టి పొడిచాను. అంతలో ఒక అల కొట్టింది. రెక్క ఒక్కసారిగా ఊడి ధబీమని పడింది. పిడి గిర్రున తిరిగి నా మణికట్టు మీద కొట్టింది. ఇదిగో, ఈ మచ్చ అదే. ఆ రోజు నుంచి లంగరు వేసి పడుకుంటే రాత్రంతా అడుగున టక్, టక్, టక్. వించి పాడైందనుకుని కొత్తది కొన్నాను. చప్పుడు పోలేదు. మీ బామ్మ అప్పుడంది, “కీలెరిగి వాత పెట్టాలంటారు. రోగులకి కూడా ఇలాగే వైద్యం చేస్తున్నారా?” అని.

పడవలు బాగుచేసే ముసలాయన దగ్గరికి పోయాను. ఆయన పనిముట్టు ముట్టుకోలేదు. “సాగేటప్పుడు కొడుతోందా, నిలబడినప్పుడా?” అన్నాడు. నిలబడినప్పుడే అన్నాను. “అయితే వించి కాదు. సాగేటప్పుడు గాలి రెక్కని పెట్టెకి ఒక పక్కకి అదిమి పెడుతుంది. నిలబడితే అది వేలాడుతుంది. ఇరుసు దగ్గర చూడు.” నాకు తల కొట్టేసినట్టయింది. రోగిని ముందు అడగండర్రా, తరవాత ముట్టుకోండి అని కుర్ర డాక్టర్లకి చెప్పేవాణ్ణి నేనే!

క్రేనుతో పడవని ఎత్తి దిమ్మల మీద కూర్చోబెట్టాం. రెక్క కింద దుంగలు పేర్చేదాకా ఆయన నన్ను దగ్గరికి రానివ్వలేదు. తాడుని నమ్మి దాని కింద తల పెట్టకూడదన్నాడు. ఇరుసు తీస్తే అచ్చం ఈ మేకే. నడుము అరిగిపోయింది. అది తిరిగే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. పెట్టెలో బొటనవేలంత గులకరాయి. బురదలో కూర్చున్నప్పుడు దూరింది. అది రంగు గీకేస్తే, గీకిన చోటల్లా తుప్పు ఉబ్బి రెక్కని బిగబట్టింది. ఇక తాడు. పైన తళతళ మెరుస్తోంది. రెక్కకి తగిలించిన కొస దగ్గర వంచి చూస్తే పోగులు పుటుక్కుమన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండాలంటే దానికి ప్రాణవాయువు తగలాలి. గాలాడని సందులో ఉప్పునీళ్ళు నిలిస్తే అదీ పుచ్చిపోతుంది.

తుప్పంతా తెల్లటి ఇనుము కనబడేదాకా గీకి, చెమ్మ తగలకముందే, ఆ పూటే ఎపాక్సీ మొదటి పూత వేశాం. మరీ మందంగా వేస్తే రెక్క పెట్టెలో పట్టదు. అందుకని పలచగా నాలుగు పూతలు. రంధ్రం గుండ్రంగా తొలిచి కొత్త బుష్, కొత్త ఇరుసు, కొత్త తాడు బిగించాం. చప్పుడు ఆగిపోయింది. అప్పటినుంచి బురదలోంచి లేచినప్పుడల్లా రెక్కని రెండుసార్లు దించి ఎత్తి, పెట్టె కడిగేవాణ్ణి. తాడు బాగున్నట్టే కనబడినా కొన్నేళ్ళకొకసారి మార్చేవాణ్ణి.

బుష్, ఇరుసు, తాడు మూడింటికీ కలిపి అయిన ఖర్చు కొత్త వించి ధరలో సగం లేదు. నేను తీసేసిన ఆ పాత వించి ఉంది చూశారూ, దానికి ఏ రోగమూ లేదర్రా. పక్క పడవ వాడు పట్టుకుపోయి పదేళ్ళు వాడుకున్నాడు.