పలు విద్యల పంతులు

1848లో రాజమహేంద్రవరంలో జన్మించిన కందుకూరి వీరేశలింగం పంతులు, పెదవులు తాకించి పలికే అక్షరాలు లేకుండా, అచ్చతెలుగులో, వచనం కలపక పద్యాలతోనే ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ రచించగలిగిన పండితుడై ఉండి కూడా, ఆ చమత్కార విద్య వద్దనే ఆగిపోలేదు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించిన ఆయన, నవలను, ప్రహసనాన్ని, అంటే లోకంలోని లోపాలను హాస్యంతో ఎత్తిచూపే చిన్న నాటకాన్ని, ఆంధ్రకవుల చరిత్రను రాయడమే కాక, జంతువుల స్వభావాన్నీ, మానవ శరీర నిర్మాణాన్నీ, నక్షత్ర గ్రహాల గమనాన్నీ తెలుగు పాఠకులకు వివరించారు.

ఈ విస్తృతమైన జిజ్ఞాస, అంటే తెలుసుకోవాలనే ఆరాటం, గ్రంథాలకే పరిమితం కాలేదు. 1881లో రాజమహేంద్రవరంలోనే ఆయన జరిపించిన వితంతు వివాహానికి, ధర్మశాస్త్ర వాక్యాలను స్వయంగా పరిశీలించి వాదించగల పాండిత్యమే అండగా నిలిచింది. ఒక విద్యలో అలవడిన ప్రశ్నించే గుణం మరొక విద్యకు బలమిస్తుందనీ, అనేక విషయాలను నేర్వడంలోని ఆనందం సమాజానికి సైతం మేలు చేకూర్చగలదనీ ఆయన జీవితం నిరూపించింది.